నడిమి నాలుగు గళ్లు: గ్రున్‌ఫెల్డ్ రక్షణపై వందేళ్ల తర్కం

చదరంగం బల్ల నడుమనున్న నాలుగు గళ్లను ఎదుటివాళ్లకు వదిలిపెట్టి, నల్లపావులతో ఆట నిలబెట్టుకోవచ్చా? ఈ ప్రశ్న మీద వందేళ్లుగా పుస్తకాలు వచ్చాయి, వాదాలు నడిచాయి. ప్రపంచ కిరీటం కోసం జరిగిన పోటీల్లో దీనికి గెలుపుతోనూ ఓటమితోనూ జవాబు చెప్పినవాళ్లున్నారు. చివరికి కంప్యూటర్లు కూడా తమ మాట చెప్పాయి. నలుపు తరఫున "నిలబెట్టుకోవచ్చు" అని అందరికన్నా గట్టిగా పలికింది గ్రున్‌ఫెల్డ్ రక్షణ.

జమ్మికుంటలో పిల్లలతో బల్ల ముందు కూర్చునేవాడిగా ఈ చర్చను మొదటినుంచీ చివరిదాకా ఒకచోట పెట్టి చూడాలనిపించింది. ఈ రోజుల్లో పిల్లల చేతిలో ఫోనుంది, ఫోనులో ఏ ఓపెనింగ్ కావాలన్నా దొరుకుతుంది. పదేళ్ల పిల్ల పదిహేను ఎత్తులు గడగడా అప్పజెప్పేస్తుంది. పదహారో ఎత్తు దగ్గర బిత్తరపోతుంది. కేంద్రాన్ని వదిలిపెట్టే రక్షణల్లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ఎందుకు వదులుతున్నామో తెలియకుండా వదిలితే మిగిలేది చోటు లేక ఇరుక్కోవడమే.

పాత పాఠం

ఇ4, డి4, ఇ5, డి5. కేంద్రమంటే ఈ నాలుగు గళ్లు. మూలన నిలబడ్డ గుర్రానికి రెండే గళ్లు అందుతాయి, నడుమ నిలబడ్డ గుర్రానికి ఎనిమిది. నడుమ బంట్లను నిలిపినవాళ్ల పావులకు దారులు తెరుచుకుంటాయి, ఎదుటివాళ్ల పావులకు మూసుకుంటాయి. 1886లో తొలి అధికారిక ప్రపంచ విజేత అయిన విల్‌హెల్మ్ స్టెయినిట్జ్ ఆటను శాస్త్రంలా చూడటం మొదలుపెట్టాడు. జర్మనీ వైద్యుడు సీగ్‌బర్ట్ టారాష్ ఆ ఆలోచనలను సూత్రాలుగా మలిచి ఒక తరానికి బోధించాడు. కేంద్రంలో బంటు నిలపాలి, పావులను త్వరగా బయటికి తేవాలి, ఇరుకు స్థితిలో పడకూడదు. ఈ మాటల్లో తప్పు లేదు. ఇవాళ్టికీ పిల్లలకు మొదట నేర్పాల్సింది ఇదే.

చిక్కంతా ఆ సూత్రాలు మతంలా మారినప్పుడు వచ్చింది. కేంద్రంలో బంటు లేకుంటే ఆట చెడినట్టేనన్న నమ్మకాన్ని మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన కాలంలో కొందరు యువకులు ప్రశ్నించారు. రీగాలో పుట్టిన ఆరన్ నిమ్జోవిచ్, రిచర్డ్ రెటి, హంగరీకి చెందిన గ్యూలా బ్రేయర్, సావెలీ టార్టకోవర్, వియన్నావాసి ఎర్నస్ట్ గ్రున్‌ఫెల్డ్ వాళ్లలో ముఖ్యులు. వాళ్ల బాటకు హైపర్‌మోడర్న్ అనే పేరు స్థిరపడింది టార్టకోవర్ పుస్తకంతోనే. 1925లో వెలువడ్డ నిమ్జోవిచ్ "నా పద్ధతి" ఆ ఆలోచనకు వ్యాకరణంలా నిలిచింది.

వాళ్ల వాదం సూటిగా ఉంటుంది. కేంద్రాన్ని అదుపులో ఉంచుకోవడం అవసరమే, దాన్ని బంట్లతో ఆక్రమించి తీరాలనేం లేదు. దూరంనుంచి ఒంటె వాలుగీతతో, గుర్రం దూకుతో, ఏనుగు నిలువుగీతతో కూడా అదుపు చేయవచ్చు. ఎదుటివాళ్లు బంట్లను ముందుకు తెస్తే తేనివ్వాలి. ముందుకొచ్చిన బంటు వెనక్కి పోలేదు, దాన్ని కాపాడే భారం మాత్రం తెచ్చినవాళ్ల మీద పడుతుంది.

మా వైపు రైతులకు కౌలు లెక్క తెలుసు. పదెకరాలు కౌలుకు పట్టినవాడు పంట చేతికొస్తే గట్టెక్కుతాడు. అదునుకు కూలీలు దొరక్కపోయినా, వాన మొహం చాటేసినా ఆ పదెకరాలే మెడకు చుట్టుకుంటాయి. తెలుపు కట్టుకునే పెద్ద కేంద్రం లాభనష్టాలు కూడా ఇలాగే ఉంటాయి.

1924లో న్యూయార్క్ పోటీలో రెటి అప్పటి ప్రపంచ విజేత కాపాబ్లాంకాను ఓడించాడు. ఎనిమిదేళ్లుగా ఓటమి ఎరగని కాపాబ్లాంకాకు ఆ ఓటమి గుర్రంతో మొదలై, పక్కలనుంచి కేంద్రాన్ని నొక్కిన ఆటలో ఎదురైంది. దాంతో కొత్త ఆలోచనను వెర్రి అని తోసిపుచ్చడం ఎవరికీ కుదరలేదు.

కలకత్తా నుంచి వియన్నాకు

ఈ కథకు యూరప్‌కన్నా ముందు మన దేశంలో ఒక అధ్యాయముంది. 19వ శతాబ్దం నడుమ కలకత్తాలో న్యాయవాదిగా ఉన్న స్కాట్లండ్ ఆటగాడు జాన్ కోక్రేన్‌కు మహేశ్‌చంద్ర బెనర్జీ అనే బెంగాలీ ఆటగాడు తారసపడ్డాడు. దేశీ పద్ధతిలో ఆరితేరిన మహేశ్‌చంద్ర యూరప్ నియమాలు నేర్చుకుని కోక్రేన్‌తో ఏళ్లతరబడి వందల ఆటలాడాడు. ఆ ఆటల నమోదు మిగలడం చదరంగ చరిత్రకు దక్కిన అదృష్టం.

దేశీ ఆటలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే కదిలేది. అందువల్ల రెండు సేనలూ వెంటనే ఢీకొనేవి కావు. ముందు ఎవరి ఇల్లు వాళ్లు చక్కబెట్టుకుని, ఒంటెలను పక్క వాలుగీతల మీద నిలిపి, ఆ తర్వాతే కలబడేవాళ్లు. మహేశ్‌చంద్ర ఈ ఓపికను కొత్త నియమాల ఆటలోకి తెచ్చాడు. 1855 మేలో కోక్రేన్ డి4, సి4, గుర్రం సి3 ఆడితే, నల్లపావులతో ఆయన గుర్రం ఎఫ్6, బంటు జి6, బంటు డి5 ఆడాడు. ఇప్పుడు గ్రున్‌ఫెల్డ్ అని పిలిచే స్థితి అచ్చంగా అదే. తర్వాత ఒంటె జి7కు వెళ్లింది, సి5 బంటు తెలుపు కేంద్రాన్ని కొట్టింది. ఆట మహేశ్‌చంద్ర గెలిచాడు. "ఇండియన్" అని పేరున్న రక్షణల కుటుంబం మొత్తానికి ఆ పేరు ఈయన ఆటల నుంచే వచ్చింది.

మరో 67 ఏళ్లకు, 1922లో ఎర్నస్ట్ గ్రున్‌ఫెల్డ్ ఇవే ఎత్తులను యూరప్ పోటీల్లోకి తెచ్చాడు. అదే ఏడాది వియన్నాలో, ముందుముందు ప్రపంచ విజేత కాబోయే అలెగ్జాండర్ అలేఖిన్‌ను దీనితోనే ఓడించాడు. ఆ గెలుపుతో రక్షణకు ఆయన పేరే ఖాయమైంది. పేరు వియన్నాకు దక్కినా, ఆలోచనకు బీజం కలకత్తాలోనూ పడిందని మన పిల్లలకు చెప్పి తీరాలి. జాతి గొప్ప చాటుకోవడానికి చెప్పే మాట కాదిది. దేశీ ఆట అలవాట్లలోంచి ఈ రక్షణ ఎలా పుట్టగలిగిందో తెలిస్తే దాని స్వభావం త్వరగా పట్టుబడుతుంది.

మూడో ఎత్తులో ఏముంది

తెలుపు డి4, నలుపు గుర్రం ఎఫ్6. తెలుపు సి4, నలుపు జి6. తెలుపు గుర్రం సి3. ఇక్కడ నలుపు డి5 ఆడితే గ్రున్‌ఫెల్డ్. తెలుపు సి-బంటుతో డి5ను చంపుతుంది, నలుపు గుర్రంతో తిరిగి చంపుతుంది. తెలుపు ఇ4 ఆడి గుర్రాన్ని తరుముతుంది. నలుపు వెనక్కి తగ్గకుండా సి3లోని గుర్రాన్ని చంపి, బి-బంటుతో చంపించుకుంటుంది. ఆరో ఎత్తులో నల్ల ఒంటె జి7కు చేరుతుంది.

ఇప్పుడు బల్ల చూస్తే కొత్తవాళ్లకు నలుపు ఆట చెడిపోయిందనిపిస్తుంది. తెలుపుకు సి3, డి4, ఇ4 గళ్లలో బంట్ల గోడ ఉంది. నలుపుకు కేంద్రంలో ఒక్క బంటూ లేదు. నలుపు లెక్క మరోలా ఉంటుంది. జి7లోని ఒంటె ఎఫ్6, ఇ5 మీదుగా నేరుగా డి4ను చూస్తోంది. తర్వాతి ఎత్తుల్లో సి5 బంటు డి4ను కొడుతుంది, గుర్రం సి6కు వచ్చి డి4నే కొడుతుంది, ఒంటె జి4కు వచ్చి డి4ను కాపాడే గుర్రాన్ని కట్టేస్తుంది, మంత్రో ఏనుగో డి-గీత మీదికి వస్తుంది. అన్ని దారులూ డి4 దగ్గరే కలుస్తాయి. ఆ ఒక్క గడి అర్థమైతే గ్రున్‌ఫెల్డ్‌లో సగం అర్థమైనట్టే.

నాలుగైదు ఎత్తుల్లో గుర్రం ఎఫ్6 నుంచి డి5కు, డి5 నుంచి సి3కు వెళ్లి చచ్చిపోయింది కదా, ఆ ఎత్తులన్నీ వృథా కాలేదా? కాలేదు. ఆ గుర్రం సి3 గుర్రాన్ని తనతోపాటు బల్లమీంచి తీసుకుపోయింది. ఇరుకు స్థితిలో ఉన్నవాళ్లకు పావుల మార్పిడి ఊపిరి తీసుకోవడానికి వీలిస్తుంది. పైగా తెలుపు బి-బంటు సి3కు జరగడంతో మంత్రివైపు తెలుపు బంట్ల వరుస పలచబడింది. సి-బంట్లు డి4లో మార్చుకున్నాక ఆ వైపున నలుపుకు ఎ, బి బంట్లు రెండూ ఉంటాయి, తెలుపుకు ఎ-బంటు ఒక్కటే మిగులుతుంది. ఆట చివరిదాకా సాగితే నలుపు అటువైపునుంచి ఒక బంటును స్వేచ్ఛగా నడిపించుకోగలదు. తెలుపుకేమో డి-బంటు కేంద్రంలో ముందుకు సాగే అవకాశముంది. ఎవరి బంటు ముందు పరుగెత్తుతుందన్నదే ఈ ఓపెనింగ్‌లోని చాలా ఆటలను తేలుస్తుంది.

తెలుపు వైపు జవాబులు

వందేళ్లలో తెలుపు కూడా చేతులు కట్టుకుని కూర్చోలేదు. తెలుపు ప్రయత్నాలన్నీ డి4 ఎలా నిలుస్తుందనే ఒకే ప్రశ్నకు రకరకాల జవాబులు.

పాత పద్ధతిలో తెలుపు ఒంటెను సి4లో పెట్టి, రాజువైపు గుర్రాన్ని ఎఫ్3కు బదులు ఇ2కు తెస్తుంది. ఎఫ్3లో ఉంటే జి4 ఒంటె దాన్ని సులువుగా కట్టేస్తుంది. ఇ2లో ఉంటే ఎఫ్3 బంటుతో ఆ ఒంటెను తరమొచ్చు. 1987లో సెవిల్లాలో జరిగిన ప్రపంచ కిరీటం పోరులో కార్పోవ్ కాస్పరోవ్‌పై ఈ స్థితిలోనే ఒంటెతో ఎఫ్7 బంటును చంపే మార్గాన్ని పదేపదే పరీక్షించాడు. దానికి సెవిల్లా మార్గమనే పేరు ఉండిపోయింది.

గుర్రాన్ని ఎఫ్3కే తెచ్చి, ఏనుగును ఎ1 నుంచి బి1కు జరపడం మరో పద్ధతి. ఒక్క ఎత్తుతో రెండు పనులవుతాయి. ఏనుగు జి7 ఒంటె వాలుగీత మీదినుంచి తప్పుకుంటుంది, బి7 బంటును నొక్కుతుంది. జి4లో ఒంటె పెట్టి కట్టేసే ఆలోచనకు ఇక్కడ మునుపటి పస ఉండదు. 1980ల్లో ఈ మార్గం నలుపును చాలా ఇబ్బంది పెట్టింది.

రష్యన్ పద్ధతిలో తెలుపు బంట్లను మార్చుకోదు. మంత్రిని బి3కి తెచ్చి డి5 మీద ఒత్తిడి పెడుతుంది. నలుపు సి4ను చంపితే మంత్రితో తిరిగి చంపి, ఇ4 ఆడి కేంద్రం పూర్తిగా తీసుకుంటుంది. మంత్రి తొందరగా బయటికి రావడమే దీని బలం, బలహీనత కూడా. దాన్ని తరుముతూ నలుపు ఎత్తులు సంపాదిస్తుంది.

మిగతావాటిలో ఒంటెను ఎఫ్4కు తెచ్చే నెమ్మది మార్గం, మూడో ఎత్తులోనే ఎఫ్3 ఆడి ఇ4కు ముందే దన్ను కట్టే మార్గం, జి3తో ఎదురు ఒంటెను నిలిపే మార్గం ముఖ్యమైనవి. ఈమధ్య హెచ్-బంటును తొందరగా ముందుకు తోసే ఆట కూడా వచ్చింది. ఇవన్నీ బట్టీ పట్టడం ఎవరికీ సాధ్యం కాదు. ప్రతి దాంట్లో నలుపు తనను తాను అడగాల్సింది మాత్రం ఒక్కటే: డి4ను కొట్టడానికి సి5 ముందా, ఇ5 ముందా, దానికి ఇంకా ఏ పావు కావాలి?

పదమూడేళ్ల బాలుడి ఆట

ఈ ఆలోచన మొత్తాన్ని ఒక్క ఆటలో చూపించమంటే 1956 అక్టోబరులో న్యూయార్క్‌లో డొనాల్డ్ బర్న్‌పై బాబీ ఫిషర్ ఆడిన ఆట చూపించాలి. ఫిషర్‌కు అప్పటికి 13 ఏళ్లు. ఎత్తుల వరుస వేరైనా ఆట గ్రున్‌ఫెల్డ్ రష్యన్ పద్ధతిలోకి మళ్లింది. పదో ఎత్తుకు తెలుపుకు డి4, ఇ4లలో రెండు బంట్లున్నాయి, మంత్రి సి5 దాకా వచ్చింది. రాజు మాత్రం ఇంకా ఇ1లోనే ఉన్నాడు. పదకొండో ఎత్తుగా బర్న్ అప్పటికే బయటికి తెచ్చిన ఒంటెనే మళ్లీ కదిపి జి5లో పెట్టాడు.

ఫిషర్ గుర్రాన్ని ఎ4లో, తెల్ల గుర్రం నోటి ముందర పెట్టాడు. అది సి5లోని మంత్రినీ, సి3లోని గుర్రాన్నీ కొడుతోంది. తెలుపు దాన్ని చంపితే రెండో నల్ల గుర్రం ఇ4 బంటును చంపి ఒకేసారి మంత్రి మీదా, జి5 ఒంటె మీదా పడుతుంది. ఇ-గీత తెరుచుకుంటే రాజు బయటపడిపోతాడు. బర్న్ మంత్రిని వెనక్కి తీసుకున్నాడు. ఫిషర్ సి3లో మార్చుకుని ఎలాగూ ఇ4ను చంపాడు. పదిహేడో ఎత్తులో ఒంటెను ఇ6కు జరిపి తన మంత్రినే బలికి పెట్టాడు. బదులుగా పావులు దండిగా దక్కించుకుని 41వ ఎత్తులో చెక్‌మేట్ చేశాడు. హాన్స్ క్మోఖ్ దాన్ని "శతాబ్దపు ఆట" అన్నాడు.

మంత్రి బలి గురించే అందరూ మాట్లాడతారు. నేర్చుకునేవాళ్లు నిలిచి చూడాల్సింది పదకొండో ఎత్తు దగ్గర. తెలుపుకు కేంద్రం ఉంది, దాన్ని నిలబెట్టే తీరిక లేదు. రాజు భద్రంగా లేనప్పుడు పెద్ద కేంద్రమే రాజుకు ఎదురు తిరుగుతుందని ఫిషర్ ఒక్క గుర్రం ఎత్తుతో తేల్చి చెప్పాడు.

ఫిషర్ కథలో మరో ఘట్టమూ ఉంది. 1962లో వర్నా ఒలింపియాడ్‌లో అప్పటి ప్రపంచ విజేత బోట్విన్నిక్ ఇంటి దగ్గరే సిద్ధం చేసుకున్న గ్రున్‌ఫెల్డ్ మార్గంతో వచ్చాడు. ఆ సన్నాహంలో ఆయన చూడని ఒక ఎత్తును ఫిషర్ బల్ల దగ్గరే కనిపెట్టాడు: మంత్రితో ఎఫ్4లో చంపడం. ఆట చివరికి డ్రా అయింది. ఇంటి దగ్గర తయారుచేసుకున్న జాబితా ఎంత పొడవైనా, బల్ల దగ్గర చూడగలిగే కన్ను దానికన్నా విలువైనది.

కిరీటాల పోరులో

ప్రపంచ చాంపియన్‌షిప్‌లలో గ్రున్‌ఫెల్డ్ చరిత్ర నిజాయితీగా చెప్పాలంటే మిశ్రమం. 1986లో లండన్, లెనిన్‌గ్రాడ్‌లలో జరిగిన పోరులో కాస్పరోవ్ దీన్ని ప్రధాన ఆయుధంగా తెచ్చాడు. కిరీటం నిలబెట్టుకున్నాడు, కానీ 5, 17, 19 ఆటలను ఈ రక్షణతోనే కార్పోవ్‌కు పోగొట్టుకున్నాడు. 2000లో లండన్‌లో క్రామ్నిక్‌తో రెండో ఆటలో మళ్లీ దీన్ని ఆడి ఓడాడు. ఆ పోరులో ఒక్క ఆటా గెలవలేక కిరీటాన్ని అప్పగించాడు.

మన విశ్వనాథన్ ఆనంద్ అనుభవం ఇంకా పాఠం చెబుతుంది. 2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండ్ అగ్నిపర్వతం బూడిద వల్ల విమానాలు ఆగిపోయి, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి సోఫియాకు దాదాపు 40 గంటలు రోడ్డుమీదే ప్రయాణించాడు. తోపలోవ్‌తో తొలి ఆటలో గ్రున్‌ఫెల్డ్ ఎంచుకున్నాడు. సిద్ధం చేసుకున్న మార్గంలో ఎత్తుల వరుస తారుమారైంది. రాజుతో ఒక్క ఎత్తు తప్పుగా ఆడగా, తెల్ల గుర్రం ఎఫ్6లో దూకడంతో 30 ఎత్తుల్లో ఆట ముగిసింది. అదే పోరులో పదో ఆటలో మళ్లీ గ్రున్‌ఫెల్డ్ ఆడి డ్రా చేసుకున్నాడు. కిరీటాన్ని తేల్చిన పన్నెండో ఆటలో మాత్రం కేంద్రంలో బంటు నిలిపే పాత రక్షణ ఆడి, నల్లపావులతో గెలిచాడు.

అలాగని దీన్ని ఓడిపోయే రక్షణ అనుకోవడం పొరపాటు. 2012లో ఆనంద్‌పై గెల్‌ఫాండ్ మొదటి, మూడో ఆటల్లో దీనితో డ్రాలు సాధించాడు. 2014లో సోచిలో ఆనంద్‌పై తొలి ఆటలో కార్ల్‌సన్ కూడా దీనినే ఆడి డ్రా చేసుకున్నాడు. ఎనిమిదిసార్లు రష్యా విజేత అయిన పీటర్ స్విడ్లర్ జీవితమంతా దీన్ని నమ్ముకుని ఆడాడు. ఈ గెలుపోటములన్నీ కలిపి చూస్తే తేలేది ఒకటే. గ్రున్‌ఫెల్డ్‌లో తప్పుకు శిక్ష వెంటనే పడుతుంది. తెలుపు కేంద్రం ఒక్కసారి ఊపందుకుంటే దాన్ని ఆపడానికి నలుపు దగ్గర గోడ ఉండదు.

తోబుట్టువులు

కేంద్రాన్ని వదిలే రక్షణలన్నీ ఒకే తీరులో ఉండవు. మూడో ఎత్తులో ఒంటెను బి4లో పెట్టే నిమ్జో-ఇండియన్ కేంద్రాన్ని వదిలినట్టే వదిలి, సి3 గుర్రాన్ని కట్టేసి ఇ4ను ఆపుతుంది. హైపర్‌మోడర్న్ రక్షణల్లో అందరూ మెచ్చేది ఇదే.

కింగ్స్ ఇండియన్‌లో నలుపు డి5 ఆడకుండా డి6తో ఆగి, తెలుపును ఇ4 ఆడనిచ్చి, ఆ తర్వాత ఇ5తో కొడుతుంది. కేంద్రం మూసుకున్నాక తెలుపు మంత్రివైపు, నలుపు రాజువైపు దాడికి పరుగెడతారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత బ్రాన్‌స్టీన్, బొలెస్లావ్‌స్కీ దీనికి గౌరవం తెచ్చారు. తర్వాత ఫిషర్, కాస్పరోవ్ దీనితో గొప్ప ఆటలు ఆడారు. 1997లో క్రామ్నిక్ చేతిలో బి4 మార్గంలో ఓడాక కాస్పరోవ్ దీన్ని పక్కనపెట్టాడు.

అలేఖిన్ రక్షణ అన్నిటికన్నా సాహసమైనది. తెలుపు ఇ4 ఆడగానే నలుపు గుర్రాన్ని ఎఫ్6కు తెచ్చి, బంట్లను తన మీదికి రమ్మంటుంది. అలేఖిన్ 1921లో బుడాపెస్ట్‌లో దీన్ని వెలుగులోకి తెచ్చాడు. 1972లో రేక్‌యావిక్‌లో స్పాస్కీపై ఫిషర్ పదమూడో ఆటను దీనితో గెలిచాడు. అదే పోరు పదిహేడో ఆటలో ఆడిన పిర్క్ రక్షణలో డి6, జి6లతో కాచుకుని కూర్చోవడం ప్రధానం.

ఈ కుటుంబంలో గ్రున్‌ఫెల్డ్ ప్రత్యేకత దాని తొందర. కింగ్స్ ఇండియన్, పిర్క్ కేంద్రం మీద దెబ్బను వాయిదా వేస్తాయి. గ్రున్‌ఫెల్డ్ మూడో ఎత్తులోనే తలపడి, ఏడెనిమిది ఎత్తుల్లోనే డి4 దగ్గర లెక్క తేల్చమంటుంది. ఇరుకు గదిలో ఓపిగ్గా కూర్చోలేని స్వభావానికి ఇది సరిపోతుంది.

కంప్యూటర్ల తీర్పు

2017 డిసెంబరులో ఆల్ఫాజీరో అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ వచ్చాక, చోటు విలువను పాత తరం ఆటగాళ్లు అనుకున్నదానికన్నా ఎక్కువగానే లెక్కించాలని తెలిసొచ్చింది. చోటు వదిలి చాలాసేపు కాచుకునే రక్షణల పట్ల కంప్యూటర్లు కఠినంగా ఉంటాయి. కింగ్స్ ఇండియన్, పిర్క్, అలేఖిన్ రక్షణల్లో అవి తెలుపుకే మొగ్గు చూపుతాయి. గ్రున్‌ఫెల్డ్, నిమ్జో-ఇండియన్‌లకు మాత్రం సమానతకు దగ్గరగా మార్కులు వేస్తాయి.

నా ఉద్దేశంలో ఇది టారాష్‌కూ నిమ్జోవిచ్‌కూ మధ్య నడిచిన వాదానికి ముగింపు లాంటిది. కేంద్రం విలువ గురించి టారాష్ చెప్పింది నిజం. ఆ విలువను బంట్లు లేకుండా కూడా ఎదుర్కోవచ్చన్న నిమ్జోవిచ్ మాటా నిజమే, కాకపోతే ఒక షరతు మీద: దెబ్బ అదునుకు పడాలి. వాయిదా పెరిగినకొద్దీ వదిలిన చోటుకు కట్టే ధర పెరుగుతుంది. నలుపు రక్షణల్లో వందేళ్లు నిలిచినవి తొందరగా కొట్టేవో, కొట్టకుండా కట్టేసేవో మాత్రమే.

అయితే కంప్యూటర్ ఇచ్చే మార్కు కంప్యూటర్ ఆటకే వర్తిస్తుంది. జిల్లా స్థాయి పోటీలో ఎదురుగా కూర్చున్న పిల్లవాడు కింగ్స్ ఇండియన్‌కు సరైన జవాబు ఆడడు. అక్కడ ఆట తేలేది ఎవరికి స్థితి బాగా తెలుసన్న దాని మీదే.

మన పిల్లలకు ఏది?

జమ్మికుంటలో రైలెక్కితే కాజీపేట, దాని పక్కనే హనుమకొండ. అక్కడ పెరిగిన అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు జాబితాలో 2801 రేటింగ్‌తో, ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడయ్యాడు. అదే ఏడాది బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో మూడో బల్ల మీద 11 ఆటల్లో 10 పాయింట్లు సాధించి వ్యక్తిగత స్వర్ణం గెలిచాడు. స్వర్ణం తెచ్చిన ఆ భారత జట్టులో గుంటూరువాడైన పెంటేల హరికృష్ణ, చెన్నైలో స్థిరపడ్డ తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్ కూడా ఉన్నారు. మహిళల జట్టు స్వర్ణంలో ద్రోణవల్లి హారిక భాగమైంది. అదే ఏడాది చివర్లో కోనేరు హంపి రెండోసారి ప్రపంచ ర్యాపిడ్ విజేతగా నిలిచింది. పత్తి మార్కెట్టుతో పేరుబడ్డ ఊళ్లో పుట్టిన పిల్లకు ఇక ఈ ఆట దూరం కాదు. అందుకే ఏం నేర్పుతున్నామన్నది బాధ్యతగా ఆలోచించాలి.

మొదటి రెండేళ్లు పిల్లలతో కేంద్రంలో బంటు నిలిపే ఆటే ఆడించాలి. ఇ4కు ఇ5, డి4కు డి5. చోటు ఉండటమంటే ఏమిటో, అది లేకుంటే ఎలా ఉంటుందో చేతికి తెలియాలి. కేంద్రాన్ని కాపాడటంలోని కష్టం తెలిసినవాళ్లకే దాన్ని ఎలా కూలగొట్టాలో తెలుస్తుంది. గ్రున్‌ఫెల్డ్‌ను తెల్లపావుల వైపునుంచి కొన్నాళ్లు ఆడించడం కూడా మంచి పద్ధతి. డి4 మీద దెబ్బలు పడుతుంటే కాపాడుకునే తిప్పలు పడ్డ పిల్ల, తర్వాత నలుపు వైపు కూర్చున్నప్పుడు ఏ పావు ఎక్కడికి వెళ్లాలో చెప్పకుండానే పసిగడుతుంది.

గ్రున్‌ఫెల్డ్ మొదలుపెట్టినప్పుడు మార్గాల జాబితా ఇవ్వకూడదు. ముందు ఆటలు చూపించాలి. మహేశ్‌చంద్ర 1855 ఆట, గ్రున్‌ఫెల్డ్ అలేఖిన్‌ను ఓడించిన ఆట, ఫిషర్ 1956 ఆట. ఈ మూడింట్లో ప్రతి ఎత్తు దగ్గర ఆపి, డి4, ఇ4 బంట్ల మీద ఎన్ని పావులు గురిపెట్టాయో, వాటిని ఎన్ని కాపాడుతున్నాయో లెక్కపెట్టించాలి. తర్వాత నలుపు ఓడిన ఆటలు చూపించాలి. ఆనంద్ సోఫియా ఆటను దాచిపెట్టకూడదు. ప్రపంచ విజేతకే ఎత్తుల వరుస తారుమారైతే ఏమైందో చూసిన పిల్లకు బట్టీ మీద అతి నమ్మకం తగ్గుతుంది. ఆ తర్వాత బంట్ల ముగింపులు. మంత్రివైపు రెండు బంట్లతో ఒకదాన్ని ఎదుర్కొని ముందుకు నడపడం రానివాళ్లకు గ్రున్‌ఫెల్డ్ ఇచ్చే బహుమతి చేతికందదు.

కోచింగ్‌కు పెద్ద ఊళ్లకు వెళ్లలేని పిల్లలకు నేను గ్రున్‌ఫెల్డ్ గట్టిగా చెబుతాను, ఎందుకంటే దాని తర్కం ఒక గడి చుట్టూ అల్లుకుని ఉంది. తర్కం పట్టుబడితే మరిచిపోయిన ఎత్తును బల్ల దగ్గరే కనిపెట్టుకోవచ్చు. కాకపోతే ఓ షరతుంది. మూడో ఎత్తులో డి5 ఆడబోయే పిల్లను ఒక ప్రశ్న అడగండి: తెలుపు ఇ4 ఆడి కేంద్రమంతా తీసుకున్నాక డి4ను ఏయే పావులతో, ఎన్నో ఎత్తుకు కొడతావు? వేలు పెట్టి గళ్లు చూపిస్తూ జవాబు చెప్పగలిగితే ఆ పిల్ల ఈ రక్షణకు సిద్ధమైనట్టే. చెప్పలేకపోతే ఇంకో ఆరు నెలలు ఇ5, డి5 ఆడించండి. ఆ ఆరు నెలలూ వృథా కావు.